ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్, వాటి ప్రమాణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీలో ఎల్‌ఎంఎస్ (పాఠాలు అందించి, విద్యార్థుల లెక్క రాసే సాఫ్ట్‌వేర్) బాధ్యత మీద పడిన అధ్యాపకులు, కంపెనీల శిక్షణ విభాగాల్లో కోర్సులు తయారుచేసేవారు, ఈ రంగంలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారు పదే పదే అడిగే సందేహాలను ఇక్కడ దశలవారీగా చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఇంకా ఏమీ మొదలుపెట్టని దశ

ఆన్‌లైన్ చదువులు కరోనాతోనే కదా మొదలయ్యాయి? అంతకు ముందు ఏముంది?

కరోనా కాలంలో మన ఇళ్లలోకి వచ్చింది ప్రధానంగా వీడియో తరగతి. కంప్యూటర్ తెర మీద పాఠం చూపి, జవాబు అడిగి, విద్యార్థి ఎక్కడిదాకా వచ్చాడో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అంతకు 60 ఏళ్ల ముందే ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం 1960లో ప్లేటో అనే వ్యవస్థను నడిపింది. 1967లో పాల్ టెన్‌జర్ దానికోసం ట్యూటర్ అనే భాషను రూపొందించాక, ప్రోగ్రామింగ్ వృత్తిగా లేని అధ్యాపకులు కూడా పాఠాలు రాసుకోగలిగారు. 1972 నాటి ప్లేటో నాలుగో తరం టెర్మినల్‌కు ప్లాస్మా తెర, వేలితో తాకితే స్పందించే ప్యానెల్ ఉండేవి. మరుసటి ఏడాదికి అందులో చర్చావేదిక, చాటింగ్ కూడా వచ్చాయి. ఇంత ఉన్నా ఒక చిక్కు మిగిలిపోయింది. ప్లేటో కోసం రాసిన పాఠం ప్లేటోలోనే నడిచేది, మరో యంత్రం మీదికి తీసుకెళ్లాలంటే మొదటి నుంచి మళ్లీ రాయాలి. తర్వాత వచ్చిన ప్రమాణాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే.

ఎల్‌ఎంఎస్ అంటే ఒక వెబ్‌సైటే కదా? కాలేజీ సైట్‌లో పీడీఎఫ్‌లు, వీడియోలు పెడితే సరిపోదా?

చదువుకోవడానికి మాత్రమే అయితే సరిపోతుంది. ఎల్‌ఎంఎస్ చేసే అదనపు పని లెక్క రాయడం: ఎవరు నమోదయ్యారు, ఎవరు పాఠం తెరిచారు, ఎక్కడ ఆపారు, ఎన్ని మార్కులు వచ్చాయి, ఎవరికి ధ్రువపత్రం ఇవ్వాలి అన్నవన్నీ అది పట్టికలో పెడుతుంది. ఆ లెక్క మీకు ఎవరూ అడగనిది అయితే ఎల్‌ఎంఎస్ పెట్టుకోవడం అనవసరపు భారమే.

ఈ ప్రమాణాలు అసలు ఎవరికి అవసరమై పుట్టాయి? విద్యాసంస్థలే అడిగాయా?

మొదట అడిగింది విమానయాన రంగం. ఒక విమానయాన సంస్థ రెండు మూడు కంపెనీల విమానాలు కొన్నప్పుడు, ప్రతి తయారీదారు తన పైలట్, మెకానిక్ శిక్షణ పాఠాలను తనకు నచ్చిన కంప్యూటర్ మీదే నడిచేలా ఇచ్చేవాడు. అంటే ఒకే శిక్షణ గదిలో బోయింగ్‌కు ఒక రకం యంత్రం, ఎయిర్‌బస్‌కు మరో రకం యంత్రం కొనిపెట్టుకోవాల్సిన పరిస్థితి. ఈ దుబారాను తగ్గించుకోవడానికి 1988లో ఏఐసీసీ అనే పరిశ్రమ సంఘం ఏర్పడింది. శిక్షణకు వాడే కంప్యూటర్ ఎలా ఉండాలన్న సిఫార్సులతో మొదలుపెట్టి, 1993 నాటికి పాఠానికీ, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌కూ మధ్య సమాచారం ఎలా నడవాలో చెప్పే మార్గదర్శకాల దాకా ఆ సంఘం వచ్చింది.

విశ్వవిద్యాలయాలు ఈ దారిలోకి కొంత ఆలస్యంగా వచ్చాయి. ఇప్పటికీ స్కార్మ్ (ఈ ప్రమాణాల్లో బాగా వాడుకలో ఉన్నది) పాఠాల తీరులో తరగతి గది వాసన కన్నా శిక్షణ కేంద్రం వాసన ఎక్కువ అనిపించడానికి కారణం ఈ పుట్టుకే: ఒక్కడు కూర్చుంటాడు, పాఠం పూర్తిచేస్తాడు, పాసవుతాడు. తోటి విద్యార్థితో చర్చ, గురువు చేత్తో దిద్దిన వ్యాసం అందులో ఇమడవు.

ఏఐసీసీ, ఐఎంఎస్, ఏడీఎల్, ఐఈఈఈ అని ఇన్ని పేర్లెందుకు? ఎవరి మాట వినాలి?

ఒక్కొక్కరు ఒక్కో ముక్క చేశారు. ఐఎంఎస్ 1997లో అమెరికా ఉన్నత విద్యారంగం చొరవతో మొదలై, పాఠాలను కట్టకట్టే పద్ధతిని, ప్రశ్నపత్రాల రూపాన్ని, పరికరాలను కలిపే పద్ధతిని రూపొందించింది. 2022 నుంచి దాని పేరు 1ఎడ్‌టెక్. అదే 1997లో అమెరికా రక్షణ శాఖ ఏడీఎల్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఏడీఎల్ చేసిన తెలివైన పని ఏమిటంటే, అన్నీ కొత్తగా కనిపెట్టకుండా, సమాచార మార్పిడిని ఏఐసీసీ నుంచి, ప్యాకేజీ పద్ధతిని ఐఎంఎస్ నుంచి, పాఠం వివరాలు రాసే పద్ధతిని ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం కృషి నుంచి తీసుకుని, వాటిని కలిపి 2000 జనవరిలో స్కార్మ్ పేరుతో విడుదల చేయడం. ఏఐసీసీ 2014లో తన పని ముగించి, తన పత్రాలను ఏడీఎల్‌కు అప్పగించింది. ఈరోజు మీరు ఆచరణలో చూడాల్సినవి రెండు: స్కార్మ్, ఎక్స్‌ఏపీఐ, సీఎంఐ5 గురించి ఏడీఎల్, ఎల్‌టీఐ, క్యూటీఐ గురించి 1ఎడ్‌టెక్. ఈ పేర్ల వివరం కింది ప్రశ్నల్లో ఉంది.

## సాఫ్ట్‌వేర్ ఎంచుకునే దశ

మూడుల్ ఉచితమంటారు. అంటే ఖర్చేమీ ఉండదా?

లైసెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు, అంతే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డుజియామస్ రూపొందించిన మూడుల్ అనే ఎల్‌ఎంఎస్ మొదటి వెర్షన్ 2002 ఆగస్టులో జీపీఎల్ లైసెన్సుతో విడుదలైంది. ఎవరైనా దించుకుని, మార్చుకుని వాడుకోవచ్చు. కానీ దాన్ని నిలబెట్టడానికి సర్వర్ అద్దె, రోజువారీ బ్యాకప్, భద్రతా అప్‌డేట్లు, అర్ధరాత్రి సైట్ ఆగిపోతే లేచి చూసే మనిషి కావాలి. ముఖ్యంగా ఇంటర్నల్ పరీక్ష రోజు వందల మంది ఒకే నిమిషంలో క్విజ్ తెరిచినప్పుడు పడే భారం, మామూలు రోజుల్లో పాఠాలు చదివేటప్పటి భారానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చాలా కాలేజీల్లో మూడుల్ మీద వచ్చే ఫిర్యాదులు నిజానికి ఆ చిన్న సర్వర్ మీద రావాల్సిన ఫిర్యాదులు.

వెబ్‌సీటీ, బ్లాక్‌బోర్డ్ అని సీనియర్లు చెబుతుంటారు. అవి ఏమయ్యాయి?

వెబ్‌సీటీ 1990ల నడుమ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మర్రే గోల్డ్‌బర్గ్ తయారుచేసిన ఎల్‌ఎంఎస్. 1997లో మొదలైన బ్లాక్‌బోర్డ్ అనే ఎల్‌ఎంఎస్ కంపెనీ 2006లో వెబ్‌సీటీని తనలో కలుపుకుంది. అదే ఏడాది ఆ కంపెనీ, ఒకే వ్యక్తి ఒక కోర్సులో అధ్యాపకుడిగా, మరో కోర్సులో విద్యార్థిగా ఉండగలిగే ఏర్పాటు వంటి అంశాల మీద పేటెంట్ సంపాదించి, డిజైర్2లెర్న్ అనే పోటీ కంపెనీ మీద దావా వేసింది. మూడుల్ వాడుకరుల సమాజంతో సహా ఈ రంగమంతా దాన్ని తప్పుపట్టింది. 2009లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ పేటెంట్ వాదనలు చెల్లవని తేల్చింది. 2021లో బ్లాక్‌బోర్డ్ ఆంథాలజీ అనే కంపెనీలో కలిసింది. ఈ లోగా 2011లో మార్కెట్లోకి వచ్చిన క్యాన్వాస్ అనే ఎల్‌ఎంఎస్ అమెరికా విశ్వవిద్యాలయాల్లో బాగా పాతుకుపోయింది. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మాటల్లో 'క్యాన్వాస్‌లో అసైన్‌మెంట్' అనేది దీని గురించే.

గూగుల్ క్లాస్‌రూమ్ ఉండగా వేరే ఎల్‌ఎంఎస్ ఎందుకు?

అసైన్‌మెంట్ ఇవ్వడం, తీసుకోవడం, దిద్దడం మీ అవసరమైతే వేరేది అక్కర్లేదు. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ఆ పనిని తక్కువ తతంగంతో చేస్తుంది. బయట కొన్న స్కార్మ్ ప్యాకేజీని నేరుగా ఎక్కించి నడిపే ఏర్పాటు మాత్రం అందులో లేదు. కాబట్టి సంస్థ డబ్బుపెట్టి కోర్సులు కొనే చోట అది చాలదు.

స్వయం, దీక్ష ఏ ప్రమాణం మీద నడుస్తున్నాయి? అవి కూడా స్కార్మేనా?

రెండింటి స్వభావం వేరు. స్వయం 2017 జులైలో ప్రారంభమైన జాతీయ కోర్సుల వేదిక. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వీయపరీక్ష అనే నాలుగు భాగాలుగా కోర్సు ఉండాలన్నది దాని నియమం. ఇది సాంకేతిక ప్రమాణం కన్నా బోధనా ప్రమాణం. ఐఐటీలు, ఐఐఎస్‌సీ 2003 నుంచి ఎన్‌పీటీఈఎల్ పేరుతో వీడియో పాఠాలు పెట్టిన అనుభవం దీనికి వెనుక ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అంతకు ముందు ఈ పరిమితి 20 శాతం.

పాఠశాల విద్య కోసం చేసిన దీక్ష వేదిక 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు చేతుల మీదుగా ప్రారంభమైంది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ రూపొందించిన సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దానికి పునాది. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనబడే క్యూఆర్ కోడ్, దాని కింద ఆరు అక్షరాల గుర్తు ఈ వ్యవస్థలోవే. ఆ గుర్తు వెనుక ఏ వీడియో ఉండాలో రాష్ట్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పుస్తకం మళ్లీ అచ్చువేయక్కర్లేదు. పీడీఎఫ్, ఎంపీ4, ఈపబ్, హెచ్5పీ వంటి రూపాలన్నీ అందులో నడుస్తాయి. విద్యార్థి ఏం చేశాడన్న లెక్కను మాత్రం అది స్కార్మ్ పద్ధతిలో కాక, టెలిమెట్రీ అనే సొంత సంఘటనల పట్టికగా రాసుకుంటుంది. నెట్ లేనప్పుడు ఆ సంఘటనలు ఫోనులోనే ఉండి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు చేరతాయి. గ్రామీణ పాఠశాలను మనసులో పెట్టుకుని చేసిన రూపకల్పన ఇది. స్కార్మ్ పుట్టినప్పుడు దాని ముందున్న మనిషి ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు, మొబైల్ డేటా లెక్కపెట్టుకునే తల్లి కాదు. ఈ తేడా వల్లే మన దేశం కోసం చేసిన వ్యవస్థ పాత ప్రమాణాన్ని పక్కన పెట్టడాన్ని తప్పుపట్టలేం.

## పాఠం తయారుచేసే దశ

స్కార్మ్ ప్యాకేజీ అంటే మామూలు జిప్ ఫైలే అంటారు. లోపల ఏముంటుంది?

అవును, జిప్ ఫైలే. లోపల హెచ్‌టీఎంఎల్ పేజీలు, చిత్రాలు, వీడియోలు, జావాస్క్రిప్ట్ ఉంటాయి. వీటితోపాటు 'ఐఎంఎస్ మ్యానిఫెస్ట్' అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు తప్పనిసరిగా ఉండాలి. కోర్సు పేరేమిటి, ఎన్ని పాఠాలు, ఏ వరుసలో, మొదట ఏ పేజీ తెరవాలి అన్నది ఆ ఫైలు చెబుతుంది.

ఇక నడిచేటప్పుడు జరిగేది ఇది. ఎల్‌ఎంఎస్ పాఠాన్ని ఒక కిటికీలో తెరుస్తుంది. పాఠంలోని జావాస్క్రిప్ట్ తన పైనున్న కిటికీల్లో ఒక్కొక్కటిగా వెతుకుతూ పోయి, 'ఏపీఐ' అనే పేరున్న వస్తువును పట్టుకుంటుంది. దొరికిన తర్వాత 'మొదలుపెడుతున్నాను' అని చెబుతుంది. విద్యార్థి పేరేమిటి, ఇంతకు ముందు ఎక్కడ ఆపాడు అని అడుగుతుంది. చదువు సాగుతుండగా మార్కులు, స్థితి రాయిస్తుంది, 'భద్రపరచు' అంటుంది, చివర్లో 'ముగించాను' అని చెబుతుంది. స్కార్మ్ 1.2లో ఈ సంభాషణంతా ఎనిమిది ఆదేశాలతో నడుస్తుంది, వాటిలోనూ మూడు తప్పులు తెలుసుకోవడానికి ఉన్నవే. ఇరవై ఏళ్లు దాటినా ఈ పద్ధతి బతికి ఉండటానికి ఈ చిన్నతనమే కారణమని నా అభిప్రాయం: ఒక మోస్తరు ప్రోగ్రామర్ ఒకటి రెండు రోజుల్లో అర్థం చేసుకోగలిగినదాన్ని ఎవరూ సులువుగా వదులుకోరు.

స్కార్మ్ 1.2లో చేయాలా, 2004లో చేయాలా? 2004 కొత్తది కదా?

కొనేవారు ప్రత్యేకంగా అడగకపోతే 1.2. ఇది 2001 అక్టోబరులో వచ్చినది. దాదాపు ప్రతి ఎల్‌ఎంఎస్ దీన్ని నమ్మకంగా నడుపుతుంది. 2004 వెర్షన్ 2009లో నాలుగో ఎడిషన్ దాకా వచ్చింది, దానిలో నిజమైన మెరుగులు ఉన్నాయి. 1.2లో 'లెసన్ స్టేటస్' అనే ఒకే గడిలో పూర్తయిందా, పాసయ్యాడా అన్న రెండు సంగతులూ ఇరుక్కుంటాయి. 2004లో వీటికి వేర్వేరు గడులున్నాయి. కాబట్టి 'పాఠం మొత్తం చూశాడు, కానీ పరీక్ష తప్పాడు' అని స్పష్టంగా రాయవచ్చు. ఈ తేడా మీకు ముఖ్యమైతే 2004 మూడో ఎడిషన్ గానీ నాలుగో ఎడిషన్ గానీ తీసుకోండి.

2004లో ఎంతో ఆర్భాటంగా తెచ్చిన సీక్వెన్సింగ్, అంటే ముందు పాఠం పాసైతేనే తర్వాతి పాఠం తెరుచుకునేలా నియమాలు రాసే పద్ధతి, చాలా క్లిష్టంగా తయారై, ఒక ఎల్‌ఎంఎస్‌లో ఒకలా, మరొకదానిలో మరోలా ప్రవర్తించింది. అందుకే చాలామంది 2004లో ప్యాకేజీ చేసి కూడా, లోపల ఒకే పాఠం పెట్టి, ఆ నియమాలను పాఠం జావాస్క్రిప్ట్‌లోనే రాసుకుంటారు.

ఫ్లాష్‌లో చేసిన పాత పాఠాలు చాలా ఉన్నాయి. వాటిని ఎలాగైనా నడపవచ్చా?

అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే పాఠాలను నడపడం మానేసింది. రఫుల్ వంటి ఓపెన్ సోర్స్ పరికరంతో కొన్ని పాత ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ, పాఠం ఎల్‌ఎంఎస్‌తో మాట్లాడే భాగం సరిగ్గా పనిచేస్తుందని హామీ ఇవ్వలేం. మూల ఫైళ్లు ఉంటే హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ తయారుచేయడమే దారి. అవి పోతే బొమ్మలు, ఆడియో మాత్రం వెలికితీసి పాఠాన్ని కొత్తగా రాసుకోవాలి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఆ పాఠాలన్నీ స్కార్మ్ పరీక్షల్లో నిక్షేపంగా నెగ్గినవే. ప్యాకేజీ కట్టే పద్ధతికి ప్రమాణం ఉంది గానీ, లోపలి సరుకు ఏ సాంకేతికతతో చేయాలో స్కార్మ్ చెప్పలేదు.

తెలుగు పాఠం మా కంప్యూటర్‌లో చక్కగా ఉంది. విద్యార్థి ఫోనులో మాత్రం అర్థంలేని అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

తొంభై శాతం సందర్భాల్లో అని లెక్క చెప్పలేం గానీ, మొదట అనుమానించాల్సింది పాత డీటీపీ ఫాంటును. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం నిజానికి తెలుగు అక్షరాలు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఏర్పాటు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలోనే అది తెలుగుగా కనబడుతుంది. ప్రెస్సుకు ఇచ్చిన పుస్తకం ఫైలు నుంచి పాఠ్యాన్ని తీసి కోర్సులో అతికించినప్పుడు ఈ సమస్య తప్పకుండా వస్తుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు, పొల్లులు ఒకసారి మనిషి చేత దిద్దించాలి. క్ష, ర-వత్తు ఉన్న మాటల్లో తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.

పాఠ్యం యూనికోడే అయినా గజిబిజి వస్తే, పేజీ, మ్యానిఫెస్ట్ రెండూ యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) భద్రపరిచారో లేదో, ఆ సంగతి ఫైలు మొదట్లో ప్రకటించారో లేదో చూడాలి. మరొక జాగ్రత్త: జిప్ లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవద్దు. పాఠం శీర్షిక ఎంత తెలుగులో ఉన్నా ఫరవాలేదు, ఫైలు పేరు మాత్రం సాదా ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో ఉండటమే క్షేమం. జిప్ విప్పే కొన్ని పాత పరికరాలు ఆ పేర్లను వేరే గుర్తులుగా చదివి, పేజీ కనబడలేదంటాయి.

ప్రశ్నల బ్యాంకును ఒక ఎల్‌ఎంఎస్ నుంచి మరోదానికి తీసుకెళ్లవచ్చా?

దీనికోసమే క్యూటీఐ అనే ప్రమాణం ఉంది. 2.1 వెర్షన్ 2012లో, 3.0 వెర్షన్ 2022లో వచ్చాయి. సరైన జవాబు ఒకటే ఉండే ప్రశ్నలు, ఖాళీలు పూరించేవి సాధారణంగా సాఫీగా వెళ్తాయి. జతపరచడం, బొమ్మ మీద గుర్తుపెట్టడం, పాక్షిక మార్కులు ఉన్నవి దారిలో ఏదో ఒకటి పోగొట్టుకుంటాయి. మూడుల్ నుంచి మూడుల్‌కే అయితే దాని సొంత ఎక్స్‌ఎంఎల్ రూపం మేలు. అధ్యాపకులు వర్డ్‌లో టైపు చేసి ఇచ్చే బహుళైచ్ఛిక ప్రశ్నలకు ఐకెన్ అనే సాదా రూపం నేర్పడం తేలిక: ప్రశ్న ఒక వరుస, ఐచ్ఛికాలు తలా ఒక వరుస, చివర జవాబు వరుస.

## ఎక్కించిన తర్వాత

జిప్ ఎక్కిస్తే 'మ్యానిఫెస్ట్ కనబడలేదు' అంటోంది. ఫైలు లోపల ఉంది కదా?

ఉంది, కానీ ఒక ఫోల్డర్ లోపల ఉంది. కోర్సు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి జిప్ చేస్తే, విప్పినప్పుడు మొదట ఆ ఫోల్డరే వస్తుంది. మ్యానిఫెస్ట్ జిప్ పైపొరలోనే ఉండాలి. ఫోల్డర్ తెరిచి, లోపలి ఫైళ్లన్నీ ఎంపిక చేసుకుని, వాటిని జిప్ చేయండి. ఫైలు పేరు మొత్తం చిన్న అక్షరాల్లో ఉందా అని కూడా చూడండి.

పాఠం చివరిదాకా చూశాను, అయినా 'అసంపూర్తి' అనే చూపిస్తోంది. తప్పు ఎవరిది?

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది, కారణాలూ ఎక్కువే. మొదటిది, పాఠం పూర్తవడం అంటే ఏమిటో తయారుచేసినవారు పెట్టిన షరతు. అన్ని స్లయిడ్లు తెరవాలా, చివరి క్విజ్ పాసవ్వాలా, రెండూనా అన్నది పాఠం లోపలే నిర్ణయమవుతుంది. ఐచ్ఛికంగా పెట్టిన ఒక స్లయిడ్‌ను ఎవరూ తెరవక, మొత్తం బ్యాచ్ అసంపూర్తిగా మిగిలిపోయిన సందర్భాలున్నాయి. రెండోది, మ్యానిఫెస్ట్‌లో ఉత్తీర్ణత మార్కు రాసి ఉంటే, స్కార్మ్ 1.2లో పాఠం 'పూర్తి' అని చెప్పినా, ఎల్‌ఎంఎస్ ఆ మార్కుతో పోల్చి దాన్ని పాస్ లేదా ఫెయిల్‌గా మార్చేస్తుంది.

మూడోది విద్యార్థి వైపు కారణం. పాఠం వేరే కిటికీలో తెరుచుకున్నప్పుడు వెనకనున్న ఎల్‌ఎంఎస్ ట్యాబ్‌ను మూసేస్తే, పాఠం మాట్లాడాల్సిన 'ఏపీఐ' వస్తువు మాయమవుతుంది. ఆ తర్వాత విద్యార్థి ఎంత చదివినా అది ఎక్కడా నమోదు కాదు, తెర మీద హెచ్చరికా రాకపోవచ్చు. పాఠం మధ్యలో గంటసేపు వదిలేసి తిరిగి వచ్చినప్పుడు లాగిన్ గడువు తీరిపోయినా ఇదే ఫలితం. ఫోనులో ట్యాబ్‌ను పక్కకు తోసి మూసేసేవారికి, పాఠం 'ముగించాను' అని చెప్పే అవకాశమే దొరకదు. కాబట్టి తయారుచేసేవారు ప్రతి స్లయిడ్‌కూ భద్రపరిచే ఆదేశం ఇచ్చేలా, చివరి స్లయిడ్‌లో 'నిష్క్రమించు' బటన్ ఉండేలా చూసుకోవాలి. పాఠం తొలి పేజీలో 'వెనకనున్న ఎల్‌ఎంఎస్ ట్యాబ్‌ను మూయవద్దు' అని ఒక్క వాక్యం రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

ఆపిన చోటి నుంచి మొదలవడం లేదు, ప్రతిసారీ మొదటి స్లయిడ్‌కే పోతోంది. తెలుగు కోర్సుల్లోనే ఇది ఎక్కువ అనిపిస్తోంది, నిజమేనా?

కొన్ని కోర్సుల విషయంలో నిజమే. పాఠం తన జ్ఞాపకాలను 'సస్పెండ్ డేటా' అనే గడిలో దాస్తుంది. స్కార్మ్ 1.2లో ఆ గడి పరిమితి 4,096 అక్షరాలు. ఏ స్లయిడ్ చూశాడు, ఏ జవాబిచ్చాడు అన్నవి చిన్న సంకేతాలుగా దాస్తే ఇది చాలు. విద్యార్థి సొంత మాటల్లో రాసే జవాబు పెట్టెలు ఉన్నప్పుడే చిక్కు. అక్షరాలు చెడకుండా ఉండాలని చాలా పాఠాలు పాఠ్యాన్ని వెబ్ చిరునామాల్లో వాడే సంకేతాలుగా మార్చి దాస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కో కోడ్‌కు తొమ్మిది. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు కోడ్‌లున్నాయి కాబట్టి అది 54 అక్షరాల చోటు తింటుంది. ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసే చోట తెలుగులో నలభై యాభై మాటలకే గడి నిండుతుంది. నిండాక కొన్ని ఎల్‌ఎంఎస్‌లు మొత్తం రాతను తిరస్కరిస్తాయి, కొన్ని మధ్యలో తెంపేస్తాయి. రెండింట్లోనూ పాఠం తన స్థానం మరిచిపోతుంది.

పరిష్కారాలు మూడు: సొంత మాటల జవాబును పాఠంలో కాక ఎల్‌ఎంఎస్ అసైన్‌మెంట్‌లో రాయించడం; సంకేతాలుగా మార్చకుండా నేరుగా యూనికోడ్‌లో దాచి, మీ ఎల్‌ఎంఎస్ దాన్ని యథాతథంగా తిరిగి ఇస్తోందో పరీక్షించడం; లేదా ఆ గడి పరిమితిని 64,000 అక్షరాలకు పెంచిన స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌కు మారడం. జవాబు పెట్టెలు లేని కోర్సులోనూ ఇదే జరుగుతుంటే, బయటికి వెళ్లేటప్పుడు పాఠం 'తాత్కాలికంగా ఆపుతున్నాను' అని చెబుతోందో లేదో చూడాలి. ఆ మాట చెప్పకపోతే తర్వాతిసారి కొత్త ప్రయత్నంగా లెక్కించే హక్కు ఎల్‌ఎంఎస్‌కు ఉంది.

## స్కార్మ్ దాటి వెళ్లే దశ

ఎక్స్‌ఏపీఐ అంటే ఏమిటి? స్కార్మ్ స్థానంలో అది వచ్చేసినట్టేనా?

స్కార్మ్ బ్రౌజర్ కిటికీ లోపలి సంగతులే చూడగలదు. మొబైల్ యాప్‌లో చదివినది, సిమ్యులేటర్ మీద చేసిన సాధన, నెట్ లేని చోట జరిగిన శిక్షణ దానికి కనబడవు. ఏడీఎల్ కోసం రస్టిసీ సాఫ్ట్‌వేర్ చేసిన టిన్ క్యాన్ పరిశోధన నుంచి 2013 ఏప్రిల్‌లో ఎక్స్‌ఏపీఐ 1.0 వచ్చింది. 2023లో ఇది ఐఈఈఈ ప్రమాణమైంది. దీనిలో ప్రతి సంఘటననూ ఒక చిన్న వాక్యంగా రాస్తారు: ఎవరు, దేన్ని, ఏం చేశారు. ఆ వాక్యాలు ఎల్‌ఆర్‌ఎస్ అనే భాండాగారంలో చేరతాయి. అది ఎల్‌ఎంఎస్ లోపల ఉండవచ్చు, విడిగానూ ఉండవచ్చు.

ఈ స్వేచ్ఛే దాని ఇబ్బంది. ఏ క్రియ వాడాలన్నది రాసేవారి ఇష్టం కావడంతో, ఒక పరికరం 'చూశారు' అని, మరొకటి 'అనుభవించారు' అని, ఇంకొకటి 'తెరిచారు' అని రాస్తే, ఏడాది చివర నివేదిక తీసేవారికి అవి మూడు వేర్వేరు పనులుగా కనబడతాయి. ముందుగా క్రియల జాబితా రాసుకోని సంస్థ ఎక్స్‌ఏపీఐ జోలికి పోకపోవడమే మంచిది.

మరి సీఎంఐ5 ఎందుకు?

ఎల్‌ఎంఎస్‌లో కోర్సు ఎక్కించి నడిపే మామూలు పనికి ఎక్స్‌ఏపీఐని ఎలా వాడాలో కట్టుదిట్టం చేసే నియమావళి అది. ఏఐసీసీ మొదలుపెట్టిన పనిని పూర్తిచేసి 2016లో విడుదల చేశారు. ప్రారంభం, పూర్తి, పాస్, ఫెయిల్ వంటి తొమ్మిది క్రియలను ఖాయం చేసింది. పాఠం ఎల్‌ఎంఎస్ సర్వర్ మీదే ఉండాలన్న బంధం కూడా దీనిలో లేదు. సాంకేతికంగా స్కార్మ్‌కు సరైన వారసుడు ఇదే. కొనేవారు అడగనంతవరకు అమ్మేవారు దాన్ని ముందుకు తేరు, అదే దాని నెమ్మదికి కారణం.

ఎల్‌టీఐ కూడా పాఠాల ప్రమాణమేనా?

కాదు, అది పరికరాల ప్రమాణం. 2010లో వచ్చిన ఎల్‌టీఐ, ఎల్‌ఎంఎస్ నుంచి బయటి సాఫ్ట్‌వేర్‌లోకి, ఉదాహరణకు వర్చువల్ ల్యాబ్‌కో, కాపీలు పట్టే పరికరానికో, విద్యార్థి మళ్లీ లాగిన్ కాకుండా వెళ్లి, మార్కులతో తిరిగి వచ్చేలా చేస్తుంది. 2019లో పూర్తిరూపంలో వచ్చిన 1.3 వెర్షన్ భద్రతా పద్ధతిని పూర్తిగా మార్చి, ఓపెన్ ఐడీ కనెక్ట్ మీదికి తెచ్చింది. కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు '1.3' అని స్పష్టంగా రాయించుకోండి, 'ఎల్‌టీఐ ఉంది' అన్న మాట చాలదు.

ఇప్పుడున్న ఎల్‌ఎంఎస్ మార్చాలనుకుంటున్నాం. ఏవి వస్తాయి, ఏవి పోతాయి?

స్కార్మ్ జిప్‌లు వస్తాయి, మీ దగ్గర అసలు ప్రతులు ఉంటే. కాబట్టి కోర్సు చేయించిన ప్రతిసారీ జిప్‌తోపాటు తయారీ పరికరపు మూల ఫైళ్లను కూడా తీసుకోవాలని ఒప్పందంలో రాయించుకోవడం అవసరం. ఎల్‌ఎంఎస్ లోపలే నేరుగా రాసిన పేజీలు, క్విజ్‌లు కామన్ కార్ట్రిడ్జ్ (కోర్సు సామగ్రిని ఎల్‌ఎంఎస్‌ల మధ్య మార్చుకునే ప్రమాణం) రూపంలో కొంతవరకు వస్తాయి. మూడుల్ బ్యాకప్ ఫైలు ప్రధానంగా మూడుల్ కోసమే. ఇతర ఎల్‌ఎంఎస్‌లు కొన్ని దాన్ని దిగుమతి చేసుకున్నా, సెట్టింగులన్నీ నిలవవు.

చర్చావేదికలోని సంభాషణలు, అధ్యాపకుల వ్యాఖ్యలు, సగంలో ఆగిన ప్రయత్నాలు దాదాపుగా రావు. స్కార్మ్ పాఠాన్ని ఎలా నడపాలో చెప్పింది గానీ, జరిగిపోయిన చదువు చరిత్రను ఒక ఎల్‌ఎంఎస్ మరోదానికి ఎలా అప్పగించాలో చెప్పలేదు. అందువల్ల సెమిస్టర్ మధ్యలో మార్పు పెట్టుకోవద్దు. పాత సర్వర్‌ను ఆపేముందు ప్రతి కోర్సు మార్కులనూ, పూర్తిచేసిన తేదీలతో సహా సీఎస్‌వీగా (సాదా పట్టిక ఫైలుగా) దించుకుని, ఆ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో కాక, దిగుమతి ద్వారా యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి. లేదంటే విద్యార్థుల తెలుగు పేర్లు పిచ్చిగీతల్లా కనబడతాయి, అలాగే భద్రపరిస్తే అసలు పేర్లు తిరిగి రావు.